అడుగున్నర పొడవు అర్జీ

ఒక గ్లాసు నీళ్లు కావాలని ఇంగ్లిష్‌లో తడబడకుండా అడగడం రాని రోజుల్లోనే నాకు 'సూపర్‌సిలియస్' అనే మాట వచ్చు. కనుబొమ్మ పైకెత్తి ఎదుటివాణ్ణి పురుగును చూసినట్టు చూసే మనిషిని అలా అంటారు. లాటిన్‌లో కనుబొమ్మకున్న పేరులోంచి పుట్టిందట. ఇది తెలిసిన మర్నాటి నుంచి సూర్యాపేట బస్టాండు ముందు చాయ్ పోసే ఆయన మొదలుకొని మిర్యాలగూడలో ఉండే మా మేనమామ దాకా అందరి కనుబొమ్మలూ నాకు అనుమానంగానే కనిపించాయి. నా కనుబొమ్మలు ఏ ఎత్తున ఉన్నాయో చూసుకోవాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు.

ఎనభైల చివరి మాట ఇది. థర్డ్ క్లాసులో డిగ్రీ పాసైన నాకు సర్కారు కొలువు దొరకకపోవడం సర్కారు దురదృష్టమని మా ఇంట్లో నేనొక్కణ్ణే నమ్మేవాణ్ణి. టైపింగు నేర్చుకుందామని ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, లోయరు, హయ్యరు రెండూ పాసై, ఇక ఎక్కడికీ పోలేక అక్కడే నేర్పేవాడిగా మిగిలిపోయాను. ఎనిమిది ఇంగ్లిష్ మిషన్లు ఉండేవి. వాటిలో ఒకదానికి 'ఇ' అక్షరం ఎప్పుడూ సగమే పడేది. బాగున్న మిషన్లన్నీ నేర్చుకునేవాళ్లకు కావాలి కాబట్టి అది నా వాటాకు వచ్చింది.

ఇన్‌స్టిట్యూట్ నడిపే పెద్దాయన కోదాడ అవతలి నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. అందరం సారు అనేవాళ్లం. పొద్దున ఆరింటి బ్యాచ్ రాగానే మిషన్ల మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. ముందు నల్లబల్ల మీద ఒక ఇంగ్లిష్ విశేషణం రాసేవాడు. మామూలు మాటైతే ఆయనకు నామోషీ. పేపర్లో కనిపించకూడదు, రేడియోలో వినిపించకూడదు, మనిషన్నవాడు ఎవడూ నోటితో అనకూడదు, అలాంటిదై ఉండాలి. దాని పక్కన అది ఏ భాషలో, ఏ ఇంట్లో పుట్టిందో రాసేవాడు.

"రికాల్సిట్రెంట్. మాట వినని మొండివాడు. లాటిన్‌లో మడమ అన్న మాట ఉంది నాయనా, అందులోంచి వచ్చింది. గాడిద వెనక్కి తన్నదూ? అదన్నమాట," అని కాలు వెనక్కి విసిరి చూపించేవాడు. ఒకసారి ఆ ఊపులో చెప్పు ఎగిరి మిషన్ ముందు కూర్చున్న అమ్మాయి ఒళ్లో పడింది.

ఇంకోరోజు 'శాటర్నైన్' రాశాడు. ముఖం మాడ్చుకుని మూల కూర్చునేవాడని అర్థం. శనిగ్రహం పేరులోంచి పుట్టింది. శని మనకొక్కళ్లకే పట్టిందనుకున్నాం, తెల్లవాళ్లనూ వదల్లేదన్నమాట అని ఆ రోజు ఆయన ఎంత సంతోషించాడో చెప్పలేను. 'బ్యుకాలిక్' పశువుల కాపరి మాట. గ్రీకులు గొడ్లను కాసేవాణ్ణి పిలిచే పేరు, పోనుపోను పల్లెటూరి అందాలకు విశేషణమైంది. గొడ్లు కాసిన వాళ్లెవరూ దాన్ని వాడి ఉండరని నాకు ఇప్పుడు గట్టి నమ్మకం. 'మొరిబండ్' చావుకు దగ్గరపడ్డది. 'సెస్క్విపెడేలియన్' అంటే అడుగున్నర పొడవున్నదని, అంటే చాంతాడంత మాటలకు పెట్టిన పేరు. ఆ మాట రాయడానికి సారుకు నల్లబల్ల ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పట్టింది.

మిగతావాళ్లు ఆ మాటల్ని పరీక్షలో రావు కదా అని అక్కడే వదిలేసి పోయేవాళ్లు. నాకు మాత్రం పిచ్చి పట్టింది. నేర్చుకున్న మాటను ఆ పొద్దు గూకేలోగా ఎవరో ఒకరి మీద ప్రయోగించకపోతే అన్నం సయించేది కాదు. మా పక్కింటావిడ వారం రోజులుగా ముక్కు చీదుతూ కనిపిస్తుంటే, మా అమ్మతో "ఆమె చాలా లుగూబ్రియస్" అన్నాను. అతిగా దుఃఖం ఒలకబోసే మనిషి, శోకం అనే లాటిన్ మాట దానికి తల్లి అని వివరించాను.

మా అమ్మ బియ్యం చెరగడం ఆపి నన్ను చూసింది. "గామె మొగడు దవాఖానల పడ్డడురా. ఏడ్వక నవ్వుతదా?" అంది.

అప్పుడైనా బుద్ధి రావాల్సింది. రాలేదు. మా అమ్మకు లాటిన్ రాదని సరిపెట్టుకున్నాను.

మా ఇన్‌స్టిట్యూట్ టైపింగు మీద కాదు, అర్జీల మీద బతికేది. నాలుగడుగుల దూరంలో సర్కారు ఆఫీసులు. మా దిక్కు అప్పట్లో ఒక గట్టి నమ్మకం ఉండేది. తెలుగులో రాసిన అర్జీ గుమాస్తా దాకా పోతుంది, ఇంగ్లిష్‌లో రాసింది ఆఫీసరు దాకా పోతుంది, ఆఫీసరుకు కూడా అర్థం కాని ఇంగ్లిష్‌లో రాస్తే కలెక్టరు దాకా పోతుంది. ఈ సూత్రాన్ని ఎవరు కనిపెట్టారో తెలియదు గానీ పెన్‌పహాడ్ నుంచి తిరుమలగిరి దాకా దాని మీద ఎవరికీ సందేహం లేదు. "జర గట్టి ఇంగ్లిష్ల రాయుండ్రి సారూ" అని అడిగి మరీ రాయించుకునేవాళ్లు. మందు షాపులో గట్టి గోలీలు అడిగినట్టే ఉండేది. అడిగినవాళ్ల కన్నా నాకే ఎక్కువ సంబరం. నా విశేషణాలన్నీ ట్రంకుపెట్టెలో పట్టుచీరల్లా మడతపెట్టి ఉన్నాయి, కట్టుకుని తిరగడానికి పెళ్లి కావాలి. అర్జీలే నాకు పెళ్లిళ్లు.

శివరాత్రి దాటిన వారంలో ఒకామె వచ్చింది. పెన్‌పహాడ్ దిక్కు ఒక తండా నుంచి నడిచి, బస్సెక్కి, మళ్లీ నడిచి వచ్చింది. బెంచీ మీద కూర్చోమంటే గడప దగ్గరే నిలబడి నాలుగు మాటలు చెప్పింది.

"మా తండల ఒక్కటే బోరింగు సారూ. సెడిపోయి నెల దాటింది. పొద్దుగాల నేను కూలికి పోత, నా బిడ్డ బాయి కాడికి నీళ్లకు పోతది, మైలున్నర. గిప్పుడు బడి మానేసింది. ఏడో తరగతి పరీచ్చ ఉన్నది, రాయకపోతే ఇగ ఖతం, మళ్ల పోదు. జర రాసియ్యి."

చెప్పాల్సిందంతా చెప్పేసింది. చేతిపంపు పాడైంది, పిల్ల చదువు ఆగింది, పరీక్ష దగ్గరపడింది. తండాలో ఒక భాష, నాతో ఒక భాష మాట్లాడే మనిషి, ఏ నిఘంటువూ చూడకుండా. ఒక్క మాట ఎక్కువ లేదు. ఆ నాలుగు మాటల్నీ అలాగే కాగితం మీద పెడితే అయిపోయేది. కానీ నా చదువు ఏం కావాలి?

ఆ పూటంతా కూర్చుని పేజీన్నర కొట్టాను. పశువుల కాపరుల ప్రశాంత జీవనాన్ని తలపించే బ్యుకాలిక్ తండాలో, మొరిబండ్ స్థితికి చేరి, లుగూబ్రియస్ ధ్వని చేస్తూ, పిడి పట్టుకుంటే వెనక్కి తన్నే రికాల్సిట్రెంట్ చేతిపంపు ఒకటి ఉన్నదని మొదటి వాక్యం. అది ముగిసేసరికి సగం పేజీ అయింది. అంతటితో ఊరుకోలేదు. ఆఫీసరుగారికి ఆ మాటలు తెలియకపోతే పాపం ఇబ్బంది పడతారని, ప్రతి మాటకూ ఒక అంకె వేసి, కాగితం కింద వాటి పుట్టుపూర్వోత్తరాలు కూడా రాశాను. లాటిన్‌వి లాటిన్‌వే, గ్రీకువి గ్రీకువే, ఎవరి వంశం వాళ్లది.

సారు చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇది అర్జీ కాదు నాయనా, కావ్యం" అన్నాడు. సాయంత్రం బ్యాచ్‌ను పిలిచి పైకి చదివి వినిపించాడు. నేను చంకలు గుద్దుకున్నాను.

ఆమె వేలిముద్ర వెయ్యబోతూ ఆగింది. "నా బిడ్డ ముచ్చట రాసినవా సారూ?"

రాయలేదు. పేజీన్నరలో ఆ పిల్ల ఎక్కడా లేదు. బడి మానేసిన పిల్లకు తగిన విశేషణం నా దగ్గర లేదు, ఉన్నవన్నీ చేతిపంపుకు అయిపోయాయి. మళ్లీ మొత్తం కొట్టాలంటే బద్ధకం. "అన్నీ ఉన్నయమ్మా" అన్నాను. ఆమె నమ్మి, కాగితం కింద నీలిరంగు వేలిముద్ర వేసింది, మూల కొంచెం అలుక్కుపోయింది. అంత కళ్లు మూసుకుని నన్ను నమ్మిన మనిషి అంతకుముందు లేదు.

ఆ తర్వాత ప్రతి వారం అంగడి రోజున ఆమె ఆఫీసుకు వెళ్లి, తిరిగి పోతూ నా దగ్గర ఆగేది. మొదటిసారి ముఖం వెలిగిపోతోంది. "కూసోబెట్టిండ్రు సారూ! చాయ్ తాపిండ్రు. గిది ఎవరు రాసిచ్చిండ్రమ్మా అని పెద్ద గుమాస్తా అడిగిండు. నలుగురు జమయ్యి సదివిండ్రు." నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. రెండోసారి కూడా కూర్చోబెట్టారట. మూడోసారి, కాగితం పెద్ద గుమాస్తా ఇంటికి తీసుకుపోయాడని చెప్పారట. అంత శ్రద్ధగా చూస్తున్నారంటే పని అయినట్టేనని ఆమెకు ధైర్యం చెప్పాను. నాలుగోసారి ఆమె గడప దగ్గర కాసేపు నిలబడి బస్సుకు పోయింది, నేను టైపు కొడుతూనే ఉన్నాను. బోరింగు మాత్రం మొరిబండ్‌గానే ఉంది.

ఆ మధ్యే మిర్యాలగూడ వెళ్లాను. మా మేనమామ ఇల్లు రైసు మిల్లుల దగ్గర, తలుపు తీసినా మూసినా ఇంట్లో సన్నటి తవుడు రాలుతూనే ఉంటుంది. ఆయన కూతురు, మా మరదలు, వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఏదో బట్టీ పడుతోంది. మూడు మాటలు చెవిన పడగానే నేను ఆగిపోయాను. బ్యుకాలిక్. మొరిబండ్. లుగూబ్రియస్. ఇవి మా జిల్లాలో వరసగా రావడానికి కారణం ఒక్కటే ఉంటుంది.

నోట్సు తీసుకుని చూశాను. నా అర్జీయే. తండా పేరు తీసేసి 'ఒకానొక గ్రామము' అని పెట్టారు. అడుగున వంశవృక్షాలతో సహా దింపేశారు. చివర ఒక గుండ్రటి సున్నా గీసి, దాని కింద 'అర్జీదారు వేలిముద్ర' అని రాసి ఉంది. కోదాడలో ట్యుటోరియల్‌కు వెళ్లే స్నేహితురాలి దగ్గర ఎక్కించుకుందట. "మాదిరి ఉత్తరం బావా, పరీక్షల తప్పకుంట వస్తదని ఆడి సార్ చెప్పిండంట" అంది.

చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన సంగతే, అయినా చెప్తాను. ఆ క్షణంలో నాకు తండా గుర్తు రాలేదు. ఛాతీ ఉబ్బింది. పక్కన కూర్చుని ఆమె ఉచ్చారణ దిద్దాను. ఒక మాటను మూడుసార్లు చెప్పించాను. ఇది రాసింది నేనేనని ఇంట్లో అందరికీ ప్రకటించాను.

"నువ్వారా అల్లుడా?" అన్నాడు మా మేనమామ. ఆయన కనుబొమ్మ పైకి లేచింది. అచ్చం లాటిన్‌వాళ్లు చెప్పినంత ఎత్తుకు.

అంతే, మర్నాడు పొద్దున్నే కోదాడ బస్సెక్కాను. నీళ్ల కోసం కాదు, బోరింగు కోసం అసలే కాదు. ఆ కావ్యానికి కర్తను నేనని అక్కడి మాస్టారితో చెప్పి, వీలైతే ఒక కాగితం మీద రాయించుకుని మేనమామ ముఖాన కొట్టడానికి.

ట్యుటోరియల్ మేడమీద ఉంది. మాస్టారు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "ఏవండీ, మీరేనా! మా బావగారు ఆఫీసులో వచ్చిందని తెచ్చిస్తే, ఇలాంటి ఇంగ్లిష్ మన వైపు రాసేవాళ్లున్నారా అని ఆశ్చర్యపోయాను. రెండు బ్యాచ్‌లకి ఇదే చెప్పాను" అన్నాడు. ఆ బావగారే మా పెద్ద గుమాస్తా. చాయ్ తెప్పించాడు. బీరువా తెరిచి, ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టిన కాగితాలు తీసి నా చేతిలో పెట్టాడు.

అది నకలు కాదు. 'ఇ' అక్షరం సగం సగమే పడింది. అడుగున నీలిరంగు వేలిముద్ర ఉంది.

ఆమె వేలిది. మూల కొంచెం అలుక్కుపోయిన గుర్తు కూడా అలాగే ఉంది. అర్జీ ఏ ఆఫీసుకు రాశానో ఆ ఆఫీసులో లేదు. దాని మీద ఒక ముద్ర లేదు, ఒక నంబరు లేదు, ఆఫీసరు సంతకం లేదు. మెచ్చుకుని మెచ్చుకుని, ఎవరూ దాన్ని ఫైల్లో పెట్టలేదు.

"ఇది నాకు కావాలండీ" అన్నాను.

"అయ్యో, ఒరిజినల్ ఇచ్చేస్తే ఎలాగండీ? వచ్చే బ్యాచ్‌కి కావాలి కదా. జెరాక్స్ పట్టుకెళ్లండి" అన్నాడు ఆయన, ఎంతో మర్యాదగా.

జెరాక్స్ పట్టుకుని సూర్యాపేట బస్సెక్కాను. మునగాల దగ్గర రోడ్డు పక్కన ఒక ఆడపిల్ల నెత్తిన బిందెతో పోతుంటే, అంతవరకూ అలాంటి పిల్లల్ని వెయ్యిమందిని చూసినవాణ్ణి, ఆ రోజు తల తిప్పుకున్నాను. సిగ్గేసింది. దానికి ఏ విశేషణమూ గుర్తు రాలేదు.

అంగడి రోజు ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి బిడ్డను వెంట తెచ్చింది. పన్నెండు పదమూడేళ్లుంటాయి. ఆ పిల్ల నల్లబల్ల మీది మాటనే చూస్తోంది.

"సారూ, నీ కాగితం సదివినోళ్లు ఏమన్నరు?" అంది తల్లి.

అబద్ధం చెప్పాలనిపించింది గానీ నోరు రాలేదు. "మస్తు బాగున్నదన్నరమ్మా" అన్నాను.

"మరి నీళ్లు?"

పరీక్ష ఇంకా పది రోజులే ఉంది. ఇంకో అర్జీ పెడదామని, చెప్పమని అడిగాను. తెలుగు మిషన్ లేదు కాబట్టి చేత్తోనే రాశాను. ఆమె మొదటి రోజు చెప్పిన నాలుగు మాటలే మళ్లీ చెప్పింది. ఈసారి బిడ్డ బడి మానేసిందన్నది మొదటి వాక్యం చేశాను. ఐదు వరసలు కూడా కాలేదు. వేలిముద్రకు ముందు ఆ పిల్ల కాగితం అడిగి తీసుకుని, వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివి, తండా భాషలో తల్లికి చెప్పింది. నా సంగతి కూడా ఉంది అన్నట్టు తలూపింది. అప్పుడు తల్లి వేలిముద్ర వేసింది.

నేను పక్కన నిలబడి ఆ కాగితానికి ఆఫీసు ముద్ర, నంబరు వేయించాను. కూర్చోబెట్టలేదు, చాయ్ ఇవ్వలేదు. పెద్ద గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూసి, నీ ఇంగ్లిష్ ఏమైందయ్యా అన్నట్టు నా వంక జాలిగా చూసి ఫైల్లో పడేశాడు. మెచ్చుకోవడానికి అందులో ఏమీ లేదు కాబట్టి ఇక పని చెయ్యక తప్పలేదు. పన్నెండో రోజు మెకానిక్కు తండాకు పోయి బోరింగు విప్పాడు. లోపల తోలు వాషరు ఒకటి అరిగిపోయింది, అంతే. అరగంట పని.

ఆ సంగతి తెలిసి నేను సైకిలు వేసుకుని తండాకు వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే సరిగ్గా తెలియదు. క్షమించమని అడగాలనుకున్నానేమో. అడగడానికి ఇంగ్లిష్‌లో ఏవేవో మాటలు కూర్చుకుని, దారిలో ఒక్కొక్కటీ వదిలేసుకుంటూ వెళ్లాను. పిల్ల బోరింగు కొడుతోంది. నీళ్లు ధారగా పడుతున్నాయి.

"పరీక్ష రాసినవా?" అన్నాను.

"మొన్ననే అయిపోయింది సారూ. గా పొద్దు నేను బాయి కాడనే ఉన్న" అంది, కొట్టడం ఆపకుండా.

ఇంతలో తల్లి నన్ను చూసి పరుగున వచ్చింది. నలుగురు ఆడవాళ్లను పిలిచింది. "గీ సారే! గీ సారే రాసిండు. ఎసొంటి ఇంగ్లిష్ అనుకుంటున్నరు, ఆఫీసుల పెద్ద పెద్దోళ్లు నిలవడి సదివిండ్రు. గా కాగితం జేయవట్టే మనకు నీళ్లొచ్చినయ్" అని అందరికీ చూపించింది. ఇక ముందు ఎవరికి ఏ అర్జీ కావాలన్నా నా దగ్గరికే పొమ్మంది. నిజంగానే ఆమె అలా నమ్మింది. వాళ్లు నా వంక భక్తిగా చూశారు. మరదలి నోట ఒక్క అక్షరం జారినా మూడుసార్లు చెప్పించిన నేను, ఆ మాటను దిద్దలేదు.

ఆ పిల్లకు తెలుసు. రెండో కాగితాన్ని వేలు పెట్టి చదివింది తనే. కొట్టడం ఆపి ఒకసారి నా ముఖంలోకి చూసింది. కనుబొమ్మలు పైకి లేవలేదు, ముడిపడలేదు. చెంబు నింపి నా చేతికిచ్చింది.

"తాగు సారూ. ఇప్పుడు బాగనే వస్తున్నయ్" అంది.